నంబరు రాయించుకుంటే తాళం వేసినట్టేనా?

"బయట వైఫై వాడకండి" అనే హెచ్చరిక నా వాట్సాప్‌కి నెలకి రెండుసార్లైనా వస్తుంది. ఎర్ర అక్షరాలు, మధ్యలో పుర్రె బొమ్మ, చివర "మీ ఇంట్లో ఆడవాళ్ళందరికీ తప్పకుండా పంపండి" అని ఒక ముక్తాయింపు. ఆడవాళ్ళకే ఎందుకు పంపాలో మాత్రం రాయరు. మగవాళ్ళ ఫోన్లకి పుట్టుకతోనే కవచకుండలాలు ఉన్నాయేమో మరి! మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఆ మెసేజీ పెట్టిన పెద్దాయన స్వయంగా స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉచిత వైఫైతో పాత పాటలు వింటూ ఉంటారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. అదే బెంచీ మీద ఒక ఆడపిల్ల కూర్చుని ఫోన్ చూస్తుంటే మాత్రం వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందరూ సైబర్ నిపుణులే.

నాకు కోపం ఆ మెసేజీ మీద కాదు. జాగ్రత్త చెప్పడం మంచిదే. జాగ్రత్తంతా మనకి చెప్పి, బాధ్యత ఎవరిదో చెప్పకుండా తప్పించుకోవడం మీద నా కోపం. స్టేషన్లో, ఆస్పత్రిలో, కాఫీ షాపులో వైఫై కావాలంటే మన ఫోన్ నంబరు అడుగుతారు. ఓటీపీ వస్తుంది, కొడతాం, నెట్ వస్తుంది. "చూశారా, ఎంత సెక్యూరిటీనో!" అంటారు. ఆ సెక్యూరిటీ ఎవరికి? మనకి మాత్రం కాదు. ఈ మాట గట్టిగా చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను.

నేను పుట్టింది రేపల్లె, మెట్టింది తెనాలి. మా ఆడపడుచు కూతురు బాపట్లలో చదువుకుంటోంది. నా లోకమంతా ఈ మూడు స్టేషన్ల మధ్యే. తెనాలి జంక్షన్లో ఒక లైను రేపల్లెకి చీలుతుంది, మద్రాసు మెయిన్ లైను బాపట్ల మీదుగా పోతుంది. వైఫై సంగతులు చెప్పడానికి నేను ఇంజనీరుని కాను. కానీ ఇంట్లో రౌటర్ ఎర్ర లైటు వెలిగితే మొదట నన్నే పిలుస్తారు. గడప లోపల ఫోన్ల తగాదాలన్నీ తీర్చేదాన్ని, గడప బయట సంగతి అడిగే హక్కు నాకు లేదంటే ఒప్పుకోను.

ముందు ఆ లాగిన్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. పబ్లిక్ వైఫైకి సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు. పేరు నొక్కగానే ఫోన్ అతుక్కుంటుంది. కానీ నెట్ రాదు. మనం ఏ పేజీ తెరవబోయినా మధ్యలో అడ్డుపడి తన సొంత పేజీ చూపిస్తుంది: నంబరు ఇవ్వండి, ఓటీపీ కొట్టండి, షరతులకి ఒప్పుకోండి అని. ఒప్పుకోగానే "ఈ ఫోన్‌ని వదలొచ్చు" అని లోపల గేటు తీస్తుంది. అంతే. గేటు తీసింది నిజమే, కానీ మన ఫోన్‌కీ ఆ రౌటర్‌కీ మధ్య గాలిలో నడిచే సంభాషణకి ఈ ఓటీపీ ఏ తాళమూ వెయ్యదు. పాస్‌వర్డ్ లేని మామూలు వైఫైలో ఆ సంభాషణ బహిరంగమే. చుట్టుపక్కల ఉన్నవాడు తగిన సాఫ్ట్‌వేర్‌తో చెవి ఒగ్గితే వినిపిస్తుంది.

ఊరు వెళ్ళి లాడ్జిలో దిగితే కౌంటర్ దగ్గర ఏం చేస్తారు? పేరు, ఊరు, ఆధార్ జిరాక్సు, సంతకం. అది పోలీసులు అడిగితే చూపించడానికి. మంచిదే. అయితే రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారు కదా అని గది తలుపుకి గడియ లేకపోయినా ఊరుకుంటామా? "అమ్మా, మా రిజిస్టరు చాలా పకడ్బందీ" అంటే ఆ గదిలో బట్టలు మార్చుకుంటామా? పబ్లిక్ వైఫైలో మనకి జరుగుతున్నది అదే. ఓటీపీ రిజిస్టరు మాత్రమే. గడియ సంగతి ఎవరూ మాట్లాడరు.

ఈ రిజిస్టరు ఎందుకు పుట్టిందో కూడా తెలుసుకోవాలి. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్ళు జరిగాయి. పేలుళ్ళకి కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానళ్ళకి బెదిరింపు ఈమెయిలు వెళ్ళింది. పోలీసులు ఆరా తీస్తే అది నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై మీదుగా వెళ్ళినట్టు తేలింది. ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో వాడుకున్నారు. ఆ తరవాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది. బహిరంగ స్థలాల్లో వైఫై ఇచ్చేవాళ్ళు వాడేవారి ఫోటో గుర్తింపు కాపీ అయినా తీసుకోవాలి, లేదా మొబైల్‌కి ఎస్సెమ్మెస్ ద్వారా లాగిన్ వివరాలైనా పంపాలి. ఆ వివరాలు ఏడాది పాటు దాచాలి. మనం కొట్టే ఓటీపీ వెనక ఉన్న కథ ఇది.

దేశ భద్రత కోసం రిజిస్టరు ఉండాలంటే నేను కాదనను. బాంబులు పెట్టేవాడు దొరకాలి. కానీ ఆ ఆదేశాలకి ప్రధానమైన ప్రశ్న "ఎవరు వాడారు?" అన్నది. "వాడిన మనిషి క్షేమంగా ఉందా?" అన్న ప్రశ్న అందులో వెనకబడిపోయింది. అప్పటికీ ఇప్పటికీ ఎన్ని మార్పులొచ్చాయి! 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో రైల్‌టెల్, గూగుల్ కలిసి స్టేషన్ వైఫై మొదలుపెట్టాయి. 2020లో గూగుల్ తప్పుకున్నా రైల్‌టెల్ కొనసాగించింది. ఇవాళ ఆరు వేలకి పైగా స్టేషన్లలో ఆ వైఫై ఉంది. రోజుకి మొదటి అరగంట ఉచితం, ఆ పైన డబ్బు కట్టాలి. ఇంత పెద్ద ఏర్పాటు చేయగలిగిన దేశం గడియ ఒకటి పెట్టించలేదా?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. పుర్రె బొమ్మ మెసేజీల్లో ఉన్నంత భయం అక్కర్లేదు. 2010లో ఫైర్‌షీప్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వచ్చింది. కాఫీ షాపు వైఫైలో పక్క టేబుల్ వాళ్ళ ఫేస్‌బుక్ ఖాతాలోకి దాంతో ఒక్క నొక్కుతో దూరిపోవచ్చు. ప్రమాదం అందరికీ కనపడాలనే దాన్ని విడుదల చేశారు. ఆ తరవాత పెద్ద సైట్లన్నీ క్రమంగా తమ సంభాషణకి తామే తాళం వేసుకున్నాయి. అడ్రసులో కనపడే హెచ్‌టీటీపీఎస్ అదే. ఇవాళ బ్యాంకు యాప్‌లో నడిచే మాట స్టేషన్ వైఫైలో ఎవడైనా విన్నా వాడికి అర్థంలేని గీతలే కనిపిస్తాయి. వాట్సాప్ మాటలకి కూడా ఆ రక్ష ఉంది. కాబట్టి "వైఫై తాకితే బ్యాంకు ఖాళీ" అనేది నిజం కాదు. మనల్ని తప్పు వైపు భయపెడుతున్నారు. అసలు ప్రమాదాలు మూడు వేరే ఉన్నాయి, ఆ మూడూ ఈ లాగిన్ పద్ధతి చుట్టూనే తిరుగుతున్నాయి.

మొదటిది దొంగ పేరు. వైఫై పేరుకి ఏ రుజువూ అక్కర్లేదు. నా ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి దానికి స్టేషన్ వైఫై పేరు పెడితే ఎవరూ ఆపరు. మీ ఫోన్ ఆ పేరుకి ముందే అలవాటు పడి ఉంటే మిమ్మల్ని అడక్కుండా అతుక్కుపోవచ్చు. అప్పుడు వచ్చే లాగిన్ పేజీ నేను తయారు చేసినది. నంబరు అడుగుతాను, ఈమెయిలూ పాస్‌వర్డూ అడుగుతాను, పది రూపాయలు కట్టమని కార్డు వివరాలూ అడుగుతాను. మనకి నేర్పింది ఏమిటి? వైఫై పేజీ ఏది అడిగితే అది ఇవ్వాలని. ఇచ్చేస్తాం.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియాలో ఒకతను విమానాశ్రయాల్లో, విమానాల్లో కూడా ఇలాగే అసలు పేరుతో దొంగ వైఫై పెట్టాడు. చేరినవాళ్ళకి ఈమెయిలు, సోషల్ మీడియా వివరాలు అడిగే పేజీ చూపించాడు. ఒక విమాన సిబ్బంది అనుమానపడి చెప్పబట్టి 2024లో దొరికాడు. అతని దగ్గర ఆంతరంగిక ఫోటోలు, వీడియోలు వేలల్లో బయటపడ్డాయి. 2025 నవంబరులో ఏడేళ్ళకి పైగా జైలు శిక్ష పడింది. ఆ ఫోటోల మాట చదివాక ఈ వైఫై గొడవ డబ్బుతో ఆగేది కాదని మనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకుంటాం. మన సమాజంలో ఆడపిల్ల ఫోటో బయటికి పోతే ఏమవుతుందో మనకే తెలుసు.

రెండోది మన నంబరు. బాపట్లలో మా మేనకోడలు ఒక దుకాణంలో ప్రింట్లు తీయించుకోవడానికి వెళ్ళింది. ఫైలు డౌన్‌లోడ్ చేసుకోవాలంటే వైఫై ఇస్తామన్నారు. అక్కడ ఓటీపీ లాంటివి లేవు. బల్ల మీద ఒక నోట్‌బుక్. పేరు, ఫోన్ నంబరు, టైము అని గళ్ళు గీసి ఉన్నాయి. "రూల్ అమ్మా, రాయాల్సిందే" అన్నారట, రాసింది. వారం తిరక్కుండా రాత్రి పదిన్నరకి మెసేజీలు. "హాయ్", "డీపీ బాగుంది", "ఏ హాస్టల్?" బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. మా అన్నయ్యగారు, అంటే పిల్ల తండ్రి, వెళ్ళి అడిగితే దుకాణం ఆయన "పుస్తకం బల్ల మీదే ఉంటుంది సార్, ఎవరు చూశారో నాకేం తెలుసు?" అన్నాడు. పైగా నిజమే చెప్పాడు. ఎవరు చూశారో ఎవరికి తెలుసు?

ఇంటికొచ్చి అన్నయ్యగారు ఏం తీర్పు చెప్పారంటే, ఆ సిమ్ తీసేసి పిల్లకి బటన్ల ఫోన్ ఇమ్మని. "అత్తయ్యా, తప్పు చేసింది ఎవరు, ఫోన్ పోయింది ఎవరిది?" అని ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నంబరు మార్చడం చీర మార్చుకున్నంత తేలిక కాదు. ఆధార్‌కి ఆ నంబరే, బ్యాంకుకి ఆ నంబరే, కాలేజీలో, ఫీజు రీయింబర్స్‌మెంటులో ఆ నంబరే. ఆధార్‌లో నంబరు మార్పించుకోవడానికి సెంటర్ దగ్గర ఒక పూటంతా క్యూలో నిలబడింది. దుకాణంలో ఆ నోట్‌బుక్ మాత్రం అదే బల్ల మీద ఉంది.

ఇదేదో మా ఒక్కరి ఇంటి కథ అనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో రీఛార్జి దుకాణాల వాళ్ళు ఆడవాళ్ళ నంబర్లు అమ్ముకుంటున్నారని 2017లో పత్రికలు రాశాయి. ధర 50 నుంచి 500 రూపాయల దాకా, మనిషి అందాన్ని బట్టి! మగవాడి నంబరు నలుగురికీ తెలిస్తే లోన్ కావాలా అని ఫోన్లొస్తాయి. ఆడదాని నంబరు తెలిస్తే వచ్చేవి వేరు. ఆ తేడా తెలియనివాళ్ళు "నంబరే కదా, ఇస్తే ఏం పోయింది?" అంటారు.

మూడోది నాకు అన్నిటికన్నా భయం వేసేది. రేపల్లెలో మా అమ్మకి తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒక ట్యాబ్ కొని పంపాడు. అందులో సిమ్ లేదు. ఆస్పత్రి వరండాలో గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తే అక్కడి వైఫైతో ప్రవచనాలు వింటుంది. ఓటీపీ రావాలి కదా, తమ్ముడి నంబరు ఇస్తుంది. "ఒరే చిన్నోడా, నంబరొచ్చిందా? ఆఁ... నాలుగు, ఏడు, సున్నా..." అని వరండా అంతా వినపడేలా రాసుకుంటుంది. పక్కనున్న ఆవిడ ట్యాబ్‌కీ లేకపోతే "నా నంబరు పెట్టుకో వదినా" అని సాయం చేస్తుంది. అందరూ మంచివాళ్ళే.

రెండు నెలల తరవాత బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోన్ చేశాడు. "మీకొక నంబరు వస్తుందమ్మా, చెప్పండి" అన్నాడు. అమ్మ చదవడం మొదలుపెట్టింది. మా మరదలు అక్కడ ఉండబట్టి ఫోన్ లాక్కుంది. తరవాత అమ్మ నన్ను అడిగిన మాటకి నా దగ్గర జవాబు లేదు: "ఆ రోజు చెప్పమన్నారు, ఇవాళ చెప్పొద్దంటారు. రెండూ నంబర్లే కదే?"

రెండూ నంబర్లే కదా! ఒక పక్క రిజర్వు బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ప్రకటనల మీద ప్రకటనలు వేస్తుంది. ఇంకో పక్క వైఫైకి ఓటీపీ, పార్సిల్‌కి ఓటీపీ, షాపులో బిల్లుకి ఓటీపీ. కౌంటర్ దగ్గర కుర్రాడు "ఆంటీ, మీకొచ్చిన నంబరు చెప్పండి" అంటాడు, చెప్తాం. అరగంట నెట్ కోసం మన అమ్మలకి ఓటీపీ పైకి చదవడం అలవాటు చేసింది ఈ వ్యవస్థే. ఆ అలవాటుని మోసగాడు వాడుకుంటే "చదువుకోని ఆడది, మోసపోయింది" అంటుంది. మోసానికి దారి చదును చేసింది ఎవరు?

పాస్‌వర్డ్ ఉన్నచోట అంతా బాగుందనుకోకండి. తెనాలిలో ఒక కల్యాణ మండపంలో గోడ మీద పెద్దక్షరాలతో వైఫై పాస్‌వర్డ్ అంటించారు: మండపం పేరు, పక్కన 123. భోజనాల బంతిలో ఉన్నవాళ్ళకీ, వంటవాళ్ళకీ, బయట ఆటోవాళ్ళకీ అందరికీ తెలుసు. చాలాచోట్ల ఇంకా వాడుకలో ఉన్న డబ్ల్యుపీఏ2 పద్ధతిలో, పాస్‌వర్డ్ తెలిసినవాడు మన ఫోన్ చేరే క్షణాన్ని పట్టుకోగలిగితే గాలిలో మన సంభాషణకి వేసిన ఆ తాళం తీయగలడు. ఊరందరి దగ్గరా ఒకే తాళంచెవి ఉంటే ఆ తాళం ఎందుకు? అయినా నంబరు అడగలేదు కాబట్టి ఆ మండపం వాళ్ళకి నేను సగం మార్కులు వేస్తాను.

ఇప్పుడు మనకి వచ్చే జవాబులు చూద్దాం. "డేటా చవకే కదా, బయట వైఫై ఎందుకు?" అంటారు. 2024 జులైలో పెద్ద ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచాయి. జియోలో 28 రోజులకి 239 ఉన్న ప్లాన్ 299 అయింది. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ముందు ఎవరిది రీఛార్జి చేస్తారో, ఎవరిది "వచ్చే నెల చూద్దాం" అంటారో చెప్పనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళలో దాదాపు సగం మంది వాడారు. సొంత డేటా లేని మనిషికే పబ్లిక్ వైఫై అవసరం ఎక్కువ. ఆ మనిషి చాలాసార్లు ఆడమనిషి.

ఎర్నాకుళం స్టేషన్లో మూటలు మోసే శ్రీనాథ్ అనే కూలీ, స్టేషన్ వైఫైతో పాఠాలు వింటూ 2018లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాత పరీక్ష నెగ్గాడు. దేశమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. కానీ ఆలోచించండి. అదే ప్లాట్‌ఫారం మీద రోజూ సాయంత్రం ఒక అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే ఏమంటారు? ముందు చూపులు, తరవాత ప్రశ్నలు, ఆ తరవాత ఇంట్లో హుకుం. దానికి తోడు ఈ వైఫై "ప్రమాదం" అనే ముద్ర ఒకటి. అంటే గడియ పెట్టనందుకు శిక్ష కూడా మనకే, గది ఖాళీ చేయమని.

"దాచుకోవాల్సింది ఏముంది మీకు?" అని ఇంకో ప్రశ్న. స్నానాల గదికి తలుపు ఎందుకు పెట్టుకుంటాం? అక్కడ దొంగతనం చేస్తున్నామనా?

పోనీ, గడియ కనిపెట్టలేదా అంటే ఎప్పుడో కనిపెట్టారు. వైఫై అలయన్స్ 2018లోనే "ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్" అనే పద్ధతి తెచ్చింది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, నంబరూ అక్కర్లేదు. పేరు నొక్కగానే ప్రతి ఫోన్‌కీ విడి తాళం పడిపోతుంది. పక్కవాడికి వినపడదు. అదే ఏడాది డబ్ల్యుపీఏ3 వచ్చింది. దానితో కల్యాణ మండపం గోడ మీద పాస్‌వర్డ్ అందరికీ తెలిసినా ఒకరి మాట ఒకరు విప్పలేరు. దొంగ పేరు బెడదకి పాస్‌పాయింట్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ఫోనే ముందు "నువ్వు అసలైనదానివేనా?" అని వైఫైని రుజువు అడిగి, సరిపోతేనే చేరుతుంది. విదేశాల్లో చదివే మన పిల్లల్ని అడగండి, యూనివర్సిటీల్లో ఎడ్యురోమ్ అని ఇలాంటి ఏర్పాటే చాలా ఏళ్ళ నుంచి నడుస్తోంది. ఒకే లాగిన్‌తో, ఆ ఏర్పాటులో చేరిన ఏ యూనివర్సిటీకి వెళ్ళినా, అది వేరే దేశంలో ఉన్నా పనిచేస్తుంది.

మన ప్రభుత్వమూ ఊరుకోలేదు. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. టీ కొట్టైనా, కిరాణా కొట్టైనా లైసెన్సు లేకుండా, ఫీజు కట్టకుండా వైఫై అమ్ముకోవచ్చు. వాడేవాళ్ళు ఒకసారి యాప్‌లో నమోదైతే చాలు, ఆ గుర్తింపు పని యాప్ వాళ్ళు చూసుకుంటారు. అంటే కొట్టు ఆయన బల్ల మీద నోట్‌బుక్ పెట్టాల్సిన పనే లేదు. నాకు నచ్చిన సంగతి ఇదే. కానీ 2018 టెలికాం విధానంలో 2022కల్లా దేశంలో కోటి పబ్లిక్ హాట్‌స్పాట్లు అన్నారు. 2024 చివరికి పీఎం-వాణి కింద వచ్చినవి రెండున్నర లక్షల లోపే. మంచి గడియ గోడౌన్లో ఉంది, మన తలుపుకి ఇంకా రాలేదు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. ప్రభుత్వ డబ్బుతో పెట్టే ప్రతి వైఫైకీ, స్టేషన్, బస్టాండ్, ఆస్పత్రి, కాలేజీ ఏదైనా సరే, గాలిలో తాళం తప్పనిసరి కావాలి. రౌటర్ కొనే టెండర్లో ఒక లైను రాస్తే సరిపోతుంది. రిజిస్టరు కావాలంటే ఉంచుకోండి, కానీ నంబరు మన వేళ్ళతో మన తెరమీదే కొట్టుకోవాలి. కౌంటర్ మనిషికి కనపడకూడదు, నోట్‌బుక్ అసలే వద్దు. సొంత ఫోన్ లేనివాళ్ళకి, సిమ్ లేని ట్యాబ్ వాళ్ళకి సినిమా టిక్కెట్టులా ఒక చీటీ మీద కోడ్ ఇచ్చే ఏర్పాటు ఉండాలి. గుర్తింపు చూసి చీటీ ఇవ్వండి, ఓటీపీ ఊరంతా వినిపించే అవసరం ఉండదు. వైఫై అసలు పేరు ఏమిటో, మన నంబరు ఎన్నాళ్ళు దాస్తారో, ఫిర్యాదు ఎవరికి చేయాలో బోర్డు మీద తెలుగులో రాయాలి. వైఫై కోసం ఇచ్చిన నంబరు వైఫైకే వాడాలి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా ఏ పనికి ఒప్పుకున్నామో ఆ పనికే, అవసరమైనంత మేరకే అంటోంది.

ఇవి వచ్చేదాకా మన జాగ్రత్త మనం పడదాం, పుర్రె బొమ్మలు చూసి కాదు, తెలుసుకుని. పని అయిపోయాక ఫోన్లో ఆ వైఫై పేరుని "మర్చిపో" అని నొక్కండి, ఈసారి దానంతట అది అతుక్కోదు. వైఫై పేజీ నంబరు, ఓటీపీ దాటి ఈమెయిలు పాస్‌వర్డో కార్డు వివరాలో అడిగితే బయటికి వచ్చేయండి. "ఈ సైటు సురక్షితం కాదు" అని ఫోన్ హెచ్చరిస్తే ముందుకి నొక్కొద్దు. డబ్బు పంపేటప్పుడు ఆ రెండు నిమిషాలూ మొబైల్ డేటాకి మారండి. అమ్మలకి "ఓటీపీ చెప్పొద్దు" అని ఊరికే అనకుండా, ఏ ఓటీపీ దేనికో మెసేజీలో చదివి చూపించండి. నోట్‌బుక్ ఇచ్చి నంబరు రాయమంటే "పుస్తకం ఎవరెవరు చూస్తారండీ?" అని పైకి అడగండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల వచ్చి "ఎవడో మెసేజీలు పెడుతున్నాడు" అని చెప్పినప్పుడు ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే ఇంకోసారి చెప్పదు. మా మేనకోడలి ఫోన్ ఆమెకి తిరిగి ఇప్పించడానికి నాకు మూడు వారాలు పట్టింది. అన్నయ్యగారితో వాదించి వాదించి నా గొంతు పోయింది, అయినా ఇప్పించాను.

ఈసారి ఆ ఎర్ర అక్షరాల మెసేజీ మీ గ్రూపులో వస్తే డిలీట్ చేయకండి. కింద ఒక ప్రశ్న రాయండి: "మాకు జాగ్రత్త చెప్పారు సరే, గడియ ఎప్పుడు పెడతారు?" నేను మా గ్రూపులో రాశాను. పెద్దాయన ఇంకా జవాబివ్వలేదు.